కీలక మిడ్‌ఫీల్డర్ వెళ్లిపోయాక జట్టు నడుమును మళ్లీ కట్టుకోవడం ఎలా

ఫుట్‌బాల్‌లో ముఖ్యమైన మిడ్‌ఫీల్డర్ (దాడికీ డిఫెన్స్‌కూ నడుమ ఆడేవాడు) జట్టు వదలగానే అందరి నోటా వచ్చే మాట ఒకటే: "అతని బదులు ఎవరు?" ఈ ప్రశ్నతో మొదలుపెడితే సగం దారి తప్పినట్టే. ఇంటి పెద్దన్న ఉద్యోగానికి ఊరు దాటితే అలాంటి ఇంకో అన్నను తెచ్చుకోం కదా. పొలానికి నీళ్లు పెట్టేది ఒకరు, పాల లెక్క చూసేది ఒకరు, బ్యాంకుకు తిరిగేది ఒకరు అని పనులు పంచుకుంటాం. ఎవరికీ చేతకాని పని మిగిలితే దానికి మాత్రం బయటి మనిషిని పెట్టుకుంటాం. మిడ్‌ఫీల్డ్ కూడా అంతే. అడగాల్సిన ప్రశ్న "అతను చేసిన పనులేంటి?" అని.

ముందు వీడియో, తర్వాతే మనిషి

వెళ్లిపోయిన ఆటగాడివి ఐదు మ్యాచ్‌లు ఎంచుకోండి: గెలిచినవి రెండు, ఓడినవి రెండు, డ్రా ఒకటి. గాయం వల్లో సస్పెన్షన్ వల్లో అతను ఆడని మ్యాచ్ దొరికితే దాన్నీ కలపండి. అన్నిటికన్నా ఎక్కువ చెప్పేది అదే. టీవీ ప్రసారంలో కెమెరా బంతి వెంటే పోతుంది కాబట్టి అది సగమే పనికొస్తుంది. ఎత్తు నుంచి, గ్రౌండ్ మొత్తం కనబడేలా తీసిన వీడియో కావాలి. చిన్న క్లబ్బులకైతే మేడ మీద ట్రైపాడ్‌కి బిగించిన ఫోను చాలు.

90 నిమిషాల ఆటలో ఒక ఆటగాడి కాళ్ల దగ్గర బంతి ఉండేది మహా అయితే రెండు మూడు నిమిషాలు. మిగతా సమయమంతా ఎక్కడ నిలబడ్డాడు, ఎప్పుడు జరిగాడు అన్నదే అసలు ఉద్యోగం. అందుకని రెండు కాగితాలు పెట్టుకోండి. మొదటిదాంట్లో బంతితో చేసిన పనులు రాయండి: ఎవరి నుంచి అందుకున్నాడు, అప్పుడు ముఖం ఎటు ఉంది, ఎన్ని టచ్‌లు తీసుకున్నాడు, ఎటు పంపాడు. రెండోదాంట్లో బంతి లేకుండా చేసినవి: లెఫ్ట్ బ్యాక్ (ఎడమ అంచు డిఫెండర్) పైకి వెళ్తే ఆ ఖాళీలోకి ఎవరొచ్చారు, గోల్‌కీపర్లు కొట్టిన లాంగ్ బాల్ తల తగిలి కింద పడేచోట ఎవరున్నారు, బంతి పోయిన తొలి ఐదారు సెకన్లలో ఎదురుదాడికి అడ్డం పడిందెవరు, కార్నర్లప్పుడు ఏ పోస్టు కాశాడు, ఎవరి మీద అరిచి వాళ్లను సరైన చోటికి జరిపాడు. ఒక్కో మ్యాచ్‌కి మూడు గంటలు పడుతుంది. బద్ధకించి యూట్యూబ్‌లో హైలైట్స్ చూశారంటే మొదటి కాగితం నిండుతుంది, రెండోది తెల్లగానే ఉండిపోతుంది.

చివరికి పది పన్నెండు పనులు తేలతాయి. ప్రతిదానికీ ఎదురుగా అది మ్యాచ్‌కి ఎన్నిసార్లు జరిగిందో వేయండి. పక్కనే ఇంకో గుర్తు: ఈ పని ఆగిపోతే మనకు గోల్ పడుతుందా, లేక మన ఆట కాస్త నెమ్మదిస్తుందా? గోల్ పడేవాటిని ముందు పంచాలి. నెమ్మదించేవాటికి రెండు నెలలు ఆగినా కొంపలు మునగవు.

రెండో కాగితాన్ని పట్టించుకోకపోతే ఏమవుతుందో చెప్పడానికి రియల్ మాడ్రిడ్‌కి మించిన ఉదాహరణ లేదు. 2003లో లీగ్ గెలిచిన ఆ జట్టు, అదే వేసవిలో డేవిడ్ బెక్హామ్‌ను కొని, క్లోడ్ మాకెలెలేను చెల్సీకి అమ్మేసింది. మాకెలెలే గోల్స్ కొట్టేవాడు కాదు, చూపరులు చప్పట్లు కొట్టే పాసులూ వేసేవాడు కాదు. జిదాన్, ఫిగో, రాబర్టో కార్లోస్ ముందుకు పోతే వాళ్ల వెనక ఖాళీ కాసేవాడు. అతను వెళ్లాక కుడి అంచు నుంచి క్రాసులు వేయడంలో దిట్ట అయిన బెక్హామ్‌ను మధ్యలో ఆడించారు. 2003–04లో చివరి ఐదు లీగ్ మ్యాచ్‌లు వరసగా ఓడి రియల్ నాలుగో స్థానంలో తేలింది. మళ్లీ లీగ్ టైటిల్ చూసింది 2007లో.

ఇందులో ఇంకో ముక్క ఉంది. ఆ సీజన్‌లో అదే జట్టులో ఎస్తెబాన్ కంబియాసో ఉన్నాడు. ఖాళీ కాయడం అతనికి చేతనైన పనే. పెరటిచెట్టు మందుకు పనికిరాదన్నట్టు అయింది. 2004లో పైసా రాకుండా ఇంటర్ మిలాన్‌కి వెళ్లిపోయాడు. 2010 చాంపియన్స్ లీగ్ ఫైనల్‌లో ఇంటర్ మిడ్‌ఫీల్డ్‌లో నిలబడి కప్పు ఎత్తాడు. ఆ ఫైనల్ జరిగింది ఎక్కడో కాదు, రియల్ సొంత మైదానం బెర్నబేవులో.

ఇంట్లో ఎవరున్నారో చూడండి

పనుల జాబితా పట్టుకుని ఉన్న ఆటగాళ్లందరినీ ఒకసారి తిప్పి చూడండి. మిడ్‌ఫీల్డర్లను మాత్రమే చూస్తే చాలదు. కాళ్లతో బాగా ఆడగల సెంటర్ బ్యాక్ (నడిమి డిఫెండర్) ఆరో నంబరుగా, అంటే డిఫెన్స్ ముందు నిలబడి కాసే మిడ్‌ఫీల్డర్‌గా కుదురుకోవచ్చు. లోపలికి వచ్చి ఆడే ఫుల్ బ్యాక్ (అంచు డిఫెండర్) బంతిని ముందుకు చేర్చే పని తీసుకోవచ్చు. ఎనిమిదో నంబరు (పైకీ కిందికీ తిరిగే మిడ్‌ఫీల్డర్) కుర్రాడు ఒక మెట్టు కిందికి దిగవచ్చు. పొజిషన్ పేరు చొక్కా మీద అచ్చేసి ఉండదు. మన హైదరాబాదీ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం 1962 జకార్తా ఆసియా క్రీడల్లో తలకు గాయమైన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ఫార్వర్డ్‌గా ఆడించాడు. అతను సెమీస్‌లోనూ ఫైనల్లోనూ గోల్ కొట్టాడు, స్వర్ణం వచ్చింది.

మిడ్‌ఫీల్డ్‌లో ఈ మధ్య దీనికి మంచి ఉదాహరణ రయాన్ గ్రావెన్‌బెర్క్. 2023 సెప్టెంబరు 1న, ఆటగాళ్లను కొనే గడువు (విండో) మూసే రోజున లివర్‌పూల్ అతన్ని బయర్న్ మ్యూనిక్ నుంచి ఎనిమిదో నంబరుగా తెచ్చుకుంది. మొదటి ఏడాది ఎక్కువగా బెంచీ మీదే గడిచింది. 2024 ఆగస్టులో కొత్త కోచ్ ఆర్నె స్లాట్ ఆరో నంబరుకు మార్తిన్ జుబిమెందీని తేవాలనుకుంటే అతను రానన్నాడు. అప్పుడు గ్రావెన్‌బెర్క్‌ను కిందికి దింపారు. పక్కన మాక్ అలిస్టర్, వాళ్లిద్దరి ముందు సొబోస్లాయి. ఆ సీజన్ చివర 84 పాయింట్లతో లీగ్ లివర్‌పూల్‌దే.

ఎవర్ని కిందికి దింపొచ్చో తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. బంతి వస్తుండగా అతను తల తిప్పి వెనక చూస్తున్నాడా? వీడియోలో పదిసార్లు లెక్కపెట్టండి. ఏడెనిమిది సార్లు చూస్తే ఆరో నంబరు నేర్పొచ్చు. రెండు మూడు సార్లే చూస్తే, ఎంత నైపుణ్యం ఉన్నా మధ్యలో వీపు మీదికి మనిషొచ్చినప్పుడు బంతి పోగొడతాడు. ఈ అలవాటు వయసు పెరిగాక పట్టుబడటం కష్టం. వేగం, ట్యాక్లింగ్ దీని తర్వాతే.

మనిషి దొరక్కపోతే ఆకారం మార్చండి

పనులు పంచడానికి రెండో మార్గం ఫార్మేషన్. 4-3-3లో (వెనక నలుగురు, మధ్యలో ముగ్గురు, ముందు ముగ్గురు) ఒక్కడే ఆరో నంబరు ఉంటే ఇటు చివరి నుంచి అటు చివరి దాకా అడ్డం కాయాలి. గ్రౌండ్ వెడల్పు సుమారు 68 మీటర్లు. అంత నేల ఒక్కడు కాయగలగడం అరుదు, అందుకే వాళ్ల ధర అలా ఉంటుంది. అలాంటివాడు పోయినప్పుడు 4-2-3-1కి మారి ఇద్దర్ని పక్కపక్కన పెడితే ఒక్కొక్కరి వాటా సగానికి తగ్గుతుంది. సగటు ఆటగాళ్లిద్దరు కలిసి ఆ పని నెట్టుకొస్తారు. అయితే ఊరికే రాదు: ముందు వరసలో ఒక మనిషి తగ్గుతాడు, అవతలి పెనాల్టీ బాక్సులోకి ఆలస్యంగా దూసుకెళ్లేవాడు ఉండడు. ఆ గోల్స్ ఎక్కడి నుంచి వస్తాయో ముందే చెప్పుకోవాలి, లేదంటే నవంబరుకల్లా "స్ట్రైకర్ ఫామ్‌లో లేడు" అన్న తప్పుడు నిర్ధారణకు వస్తారు.

రెండో పద్ధతి, మన దగ్గర బంతి ఉన్నప్పుడు ఒక ఫుల్ బ్యాక్‌ను మిడ్‌ఫీల్డ్‌లోకి నడిపించడం. మూడోది వెనక ముగ్గురు సెంటర్ బ్యాకులతో ఆడి, వాళ్లలో ఒకరు బంతితో ముందుకు రావడం. ఇది ప్రాక్టీసుకు ఎక్కువ సమయం అడుగుతుంది కాబట్టి సీజన్ మధ్యలో మొదలుపెట్టకపోవడం మంచిది.

వెళ్లినవాడు కాసింది ఒక పనినా, ఒక చోటునా అన్నది కూడా గమనించాలి. టోనీ క్రూస్ 2024లో రిటైరయ్యాక రియల్ మాడ్రిడ్ అతని చోట మిడ్‌ఫీల్డర్‌ను కొనలేదు. చువామెని, కమవింగా, వాల్వెర్దె, బెల్లింగ్‌హమ్ ఉన్నారు, పరుగుకీ బలానికీ కొదవ లేదు. కానీ క్రూస్ ఎడమ సెంటర్ బ్యాక్ పక్కకు దిగి, ముఖం ముందుకు పెట్టుకుని బంతి అందుకునేవాడు. దాంతో లెఫ్ట్ బ్యాక్ పైకి పోగలిగేవాడు, విన్సీసియస్‌కు పరిగెత్తే దారి ఉండేది. ఆ మూడు గజాల చోటు ఖాళీ అయితే ఎడమ వైపు మొత్తం బిగుసుకుపోతుంది. 2024–25లో లీగ్ బార్సిలోనాకు పోయింది, చాంపియన్స్ లీగ్ క్వార్టర్ ఫైనల్లో ఆర్సెనల్ చేతిలో రియల్ రెండు మ్యాచ్‌లూ కలిపి 5-1 తేడాతో బయటికొచ్చింది. కారణం క్రూస్ ఒక్కడే కాదు, డిఫెన్స్‌లో గాయాలూ ఉన్నాయి. అయినా బంతి వెనక నుంచి ముందుకు చేరడంలో తడబాటు ఆ ఏడాదంతా కనబడింది.

కొనక తప్పదనుకుంటే

జాబితాలో ఎవరికీ అంటని పనులు మూడో నాలుగో మిగులుతాయి. కొనేది వాటి కోసం. వెతికేటప్పుడు "ఫలానావాడి లాంటివాడు" అని కాకుండా "ఎదురుదాడిని మధ్యలో ఆపగలవాడు, ఎడమకాలు వాటం, గాల్లో బంతి గెలవగలవాడు" అని రాసుకోండి. ఎత్తు, వాటం చిన్న విషయాల్లా అనిపిస్తాయి. కార్నర్లలో ముందు పోస్టు కాసే ఆరడుగులవాడు పోయి, అయిదడుగుల ఏడంగుళాలవాడు వస్తే ఆ లోటు మరో ఆటగాడు తీర్చాలి.

వైద్య నివేదికను ఆఖర్న చూసే కాగితంలా చూడకండి. 2009 ఆగస్టులో లివర్‌పూల్ షాబీ అలోన్సోను రియల్ మాడ్రిడ్‌కి సుమారు 3 కోట్ల పౌండ్లకు అమ్మి, రోమా నుంచి అల్బెర్టో అక్విలానీని తెచ్చింది. మంచి ఆటగాడే. కానీ చీలమండ గాయంతో వచ్చాడు, తొలిసారి బరిలోకి దిగేసరికి అక్టోబరు ఆఖరు. పైగా అతను ముందుకు చొచ్చుకెళ్లే రకం, అలోన్సో వెనక నిలబడి పొడవాటి పాసులతో ఆట నడిపే రకం. గాయం, పని తేడా రెండూ కలిశాయి. ముందటేడు 86 పాయింట్లతో రెండో స్థానంలో ఉన్న జట్టు 63 పాయింట్లతో ఏడో స్థానానికి జారింది.

ఒక్కడి మీదే పథకమంతా పెట్టుకోవడం మరో తప్పు. 2016లో ఎంగొలో కాంటే చెల్సీకి వెళ్లాక లెస్టర్ సిటీ నీస్ నుంచి నాంపలిస్ మెండీని కొంది. సీజన్ మొదట్లోనే అతని చీలమండ దెబ్బతింది. విల్‌ఫ్రెడ్ ఎన్‌డిడి బెల్జియంలోని గెంక్ నుంచి వచ్చేసరికి జనవరి. 81 పాయింట్లతో చాంపియన్ అయిన జట్టు తర్వాతి సీజన్ 44 పాయింట్లతో 12వ స్థానంలో ముగిసింది, కోచ్ క్లాడియో రనియెరీ ఫిబ్రవరిలోనే పదవి పోగొట్టుకున్నాడు. చాంపియన్స్ లీగ్ అలసట, దాడిలో వార్డీ, మహ్రెజ్ జోరు తగ్గడం కూడా ఇందులో ఉన్నాయి, నిజమే. కానీ మెండీకి గాయమైన రోజున ఆ పని చేయగల రెండోవాడు జట్టులో లేడు. కాబట్టి జాబితాలో మొదటి పేరు ఎంత ఖాయమైనా, "అతను నెలన్నర ఆడలేకపోతే?" అన్న ప్రశ్నకు జవాబు కాగితం మీద ఉండాలి.

కొనడంలో వరస కూడా ముఖ్యం. వీలైతే కొన్నాకే అమ్మండి. మీరు అమ్మిన మరునాటికి మీ జేబు బరువెంతో బజారంతటికీ తెలిసిపోతుంది. లివర్‌పూల్ 2023 వేసవి ఈ విషయంలో రెండు రకాల పాఠమూ చెబుతుంది. జూన్‌లో బ్రైటన్ నుంచి మాక్ అలిస్టర్‌ను సుమారు 3.5 కోట్ల పౌండ్లకు, జులై మొదట్లో లైప్‌జిగ్ నుంచి సొబోస్లాయిని సుమారు 6 కోట్లకు తెచ్చుకున్నారు. సొబోస్లాయికి కాంట్రాక్టులోనే విడుదల ధర (అంత కడితే క్లబ్బు వదలాల్సిందే) రాసి ఉంది కాబట్టి బేరం సాగలేదు. ఆ తర్వాత జులై ఆఖరి వారంలో హెండర్సన్, ఫాబిన్యో ఇద్దరూ సౌదీ క్లబ్బులకు వెళ్లిపోయారు. తొలి మ్యాచ్ ఆగస్టు 13న, చేతిలో రెండు వారాలు. బ్రైటన్‌తో మొయిసెస్ కైసెదోకు 11 కోట్ల పౌండ్లకు పైగా ఒప్పందం కుదిరినా, అతను చెల్సీకే పోతానన్నాడు. రోమియో లావియాదీ అదే దారి. తొలి మ్యాచ్‌లో చెల్సీ మీద ఆరో నంబరుగా నిలబడింది మాక్ అలిస్టర్, అది అతని అసలు చోటు కాదు. 18వ తేదీన స్టుట్‌గార్ట్ నుంచి 30 ఏళ్ల వతారు ఎండోను సుమారు 1.6 కోట్లకు తెచ్చారు. చేతులు కాలాక పట్టుకున్న ఆకే అయినా అది పనిచేసింది. చలికాలంలో ఎండో కుదురుకుని వెనక నిలబడ్డాక మాక్ అలిస్టర్ తన చోటికి పైకి జరిగాడు. ఫిబ్రవరి 2024 లీగ్ కప్ ఫైనల్లో ఎండో 120 నిమిషాలూ ఆడాడు, 1-0తో కప్పు వచ్చింది. 67 పాయింట్ల జట్టు ఆ ఏడు 82కి చేరింది.

డబ్బు లెక్కలో కూడా మొత్తం ధర చూసి భయపడటమో మురిసిపోవడమో వద్దు. 6 కోట్లకు కొని ఐదేళ్ల కాంట్రాక్టు ఇస్తే లెక్కల పుస్తకంలో ఏటా 1.2 కోట్లు పడుతుంది, దానికి జీతం కలపాలి. అమ్మిన లాభం మాత్రం ఆ ఏడాదే జమవుతుంది. అందుకే ఒకణ్ని అమ్మి ముగ్గుర్ని కొనడం తొలి ఏడు తేలిగ్గా కనిపించి మూడో ఏడు బరువెక్కుతుంది.

ఆరు వారాల ప్రాక్టీసు

ఎవరు ఆడాలో తేలాక సీజన్ ముందటి ఆరు వారాలు ఇలా వాడండి. మొదటి రెండు వారాలు ఆరో నంబరుతోనే మొదలు. 30 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు గళ్లు కొట్టండి. ఒక చివర ఇద్దరు సెంటర్ బ్యాకులు, మధ్యలో ఆరో నంబరు, అతని మీదికి ఎగబడేందుకు ఇద్దరు, అవతలి చివర పాసు అందుకునేవాళ్లు ఇద్దరు. బంతి అతని గుండా అవతలికి చేరాలి. మూడు నిమిషాల ఆట, నిమిషంన్నర విరామం, అలా నాలుగుసార్లు. బంతి రాకముందు అతను వెనక్కి చూడకపోతే ఆ పాసు చెల్లదు అన్న నియమం పెట్టండి. రెండు రోజుల్లో తేడా కనిపిస్తుంది.

మూడు, నాలుగు వారాల్లో పక్కవాళ్లను కలపాలి. 50 మీటర్ల పొడవు, 45 మీటర్ల వెడల్పులో ఎనిమిదిమందికి ఎనిమిదిమంది. దాడి చేస్తున్న జట్టు ఫుల్ బ్యాకుల్లో ఒకరు తప్పకుండా పైకి వెళ్లాలి. అప్పుడు కోచ్ విజిల్ వేసి బంతిని ఎదుటి జట్టుకు ఇచ్చేస్తాడు. వాళ్లు పది సెకన్లలో గోల్ కొట్టాలి. ఖాళీ ఎవరు కాయాలో కొత్త మిడ్‌ఫీల్డ్‌కు నేర్పేది ఈ ఆటే. మొదటి రోజు ఇద్దరూ ఒకే ఖాళీకి పరిగెడతారు, లేదా ఇద్దరూ ఆగిపోతారు. ఎవరు వెళ్లాలో పిలిచి చెప్పే బాధ్యత ఒక్కరికే అప్పగించండి. చాలావరకు వెనక నుంచి అంతా కనబడే సెంటర్ బ్యాక్‌కే అది నప్పుతుంది. వెళ్లిపోయినవాడి గొంతు పోయిందని గుర్తుపెట్టుకుంటే ఈ పని ఎందుకో అర్థమవుతుంది.

చివరి రెండు వారాలు ఫ్రెండ్లీ మ్యాచ్‌లకి. తొలి మ్యాచ్‌లో ఆడబోయే మిడ్‌ఫీల్డ్ త్రయం కనీసం 180 నిమిషాలు కలిసి ఆడి ఉండాలి. అందర్నీ చూద్దామని ప్రతి మ్యాచ్‌లో హాఫ్‌టైమ్‌కు పదకొండుమందినీ మార్చే కోచ్‌లు ఆగస్టులో పశ్చాత్తాపపడతారు. ముగ్గురూ కొత్తవాళ్లయితే మొదటి నెల ఒక్కరినైనా పాతవాణ్ని మధ్యలో ఉంచండి, అతను రెండో తరగతి ఆటగాడైనా సరే.

తప్పు ఎక్కడ జరుగుతోందో ఎలా కనిపెట్టాలి

మిడ్‌ఫీల్డ్ జబ్బు వేరేచోట బయటపడుతుంది. సెంటర్ బ్యాకులు ఉన్నట్టుండి వణికిపోతున్నారంటే వాళ్ల ముందు కాపలా పోయిందని అర్థం. ఫుల్ బ్యాకులు పైకి వెళ్లడం మానేస్తే వాళ్ల వెనక ఎవరూ ఉండరని వాళ్లకు తెలిసిపోయిందన్నమాట. గోల్‌కీపర్ లాంగ్ బాల్స్ కొట్టడం ఎక్కువైతే దగ్గర్లో అందుకునేవాడు లేడు. ఈ మూడూ ప్రతి మ్యాచ్‌లో లెక్కపెట్టి, పది మ్యాచ్‌ల దాకా రాసుకోండి. అంతకన్నా ముందు తీర్పు చెప్పడం తొందరపాటు. పదకొండో మ్యాచ్‌కీ అదే తీరైతే మనిషిని మార్చేకన్నా ముందు ఆకారం మార్చి చూడండి, అది చవక.

మన దగ్గరి జట్లకు ఒక మాట. ఐఎస్ఎల్‌లో (ఇండియన్ సూపర్ లీగ్) 2021–22 నుంచి మైదానంలో ఒకేసారి నలుగురు విదేశీయులే. ఆ సీజన్ కప్పు గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీకి మిడ్‌ఫీల్డ్ వెనక జువావ్ విక్టర్ అనే బ్రెజిలియన్ ఉండేవాడు. అలాంటివాడు వెళ్తే ఖాళీ అయ్యేది మిడ్‌ఫీల్డ్ చోటుతో పాటు విదేశీ కోటాలో ఒక చోటు కూడా. అక్కడ భారతీయ కుర్రాణ్ని ఆడించగలిగితే ఆ కోటాను స్ట్రైకర్‌కి వాడుకోవచ్చు. కాలేజీ, జిల్లా జట్లకైతే ఎవరు ఎప్పుడు వెళ్తారో క్యాలెండర్ చూస్తేనే తెలుస్తుంది. డిగ్రీ మూడో ఏడాది పిల్లాడు మార్చి తర్వాత ఉండడు. కాబట్టి డిసెంబరు నుంచే, గెలుపు ఖాయమైన మ్యాచ్‌ల్లో చివరి ఇరవై నిమిషాలు అతని చోట మొదటి ఏడాదివాణ్ని దింపండి. సీనియర్‌ను బెంచీకి పంపకుండా ఒక మెట్టు పైన ఆడించండి. కుర్రాడు తప్పుచోట నిలబడితే అరిచి జరిపేందుకు అతను పది గజాల దూరంలోనే ఉంటాడు.